పళ్ళ డాక్టరు కారుకి బోటు బ్యాటరీ

క్లినిక్ నుంచి,
సోమవారం

బావమరిదికి,

ఇక్కడ నేనూ మీ అక్కా బాగానే ఉన్నాం. కారు ఒక్కటే బాగాలేదు. నీ లైట్‌హౌస్ ఉన్న దీవికి ఫోను అందదు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి నీ చెవి తినేసేవాణ్ణి.

పోయిన వారం సెల్ఫ్ కొడితే టక్ అంది, అంతే. బ్యాటరీ అయిపోయిందని పక్కింటి మాస్టారు గోడ మీంచి చెప్పాడు. ఇన్నేళ్ళుగా పళ్ళు పీకుతున్నవాణ్ణి, ఒక బ్యాటరీ పీకలేనా అనుకుని నేనే దిగాను. చేతులకి తొడుగులు, మూతికి మాస్కు, పక్కన టార్చి పట్టుకుని మా నర్సమ్మ. బానెట్ ఎత్తితే బ్యాటరీకి తీగలు తగిలించే కొనల మీద తెల్లగా, పచ్చగా ఏదో పేరుకుని ఉంది. చూడగానే గుర్తుపట్టాను: గార. మనుషుల పళ్ళకి పట్టేదే. నా పనిముట్టుతో గీకి, తినే సోడా వేసి, బ్రష్షుతో తోమాను. తళతళలాడింది. కారు మాత్రం స్టార్ట్ కాలేదు. పానా ఒకసారి రెండు కొనలకీ తగిలి మెరుపు మెరిసింది. నర్సమ్మ వెళ్ళి పేషంటు కుర్చీలో పడుకుంది.

సరే, కొత్తది కొందామని సందు చివర బ్యాటరీ షాపుకి వెళ్ళాను. అక్కడుండే మీసాలాయన ఏ కారు అని అడిగితే తెల్లదని చెప్పాను. ఆయన నాలుగు చూపించాడు, నేను అన్నిటికన్నా పెద్దది తీసుకున్నాను. పెద్దదైతే ఎక్కువ కాలం వస్తుంది కదా. తీరా చూస్తే బానెట్ మూతపడలేదు. తాడు కట్టుకుని బయల్దేరితే స్పీడ్‌బ్రేకర్ దగ్గర తాడు తెగి బానెట్ లేచి కూర్చుంది. బానెట్ కింది సందులోంచి రోడ్డు చూసుకుంటూ ఇంటికి చేరాను.

వెనక్కిచ్చి ఇంకోటి తెచ్చాను. ఎత్తు సరిపోయింది గానీ దాని ప్లస్సూ మైనస్సూ అటుది ఇటూ ఇటుది అటూ ఉన్నాయి. బ్యాటరీనే తిప్పి పెట్టమన్నాను. తిప్పితే కారు తీగలు అందవన్నాడు.

మీ అక్క వంటింటి కిటికీలోంచి ఇదంతా చూసి నవ్వుతోంది. పైగా రోజూ అడుగుతోంది, కారుకి కరెంటు ఎప్పుడొస్తుందని. కారు మీద ఆవిడకి ఇంత శ్రద్ధ ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

అంత దీపాన్ని బ్యాటరీల మీద వెలిగిస్తున్నావు, నీకు తెలీనిది ఉండదు. ఏది కొనాలో వెంటనే రాయి.

మీ బావ


లైట్‌హౌస్, కింది గది
శుక్రవారం

బావా,

మీ ఉత్తరం చదివి నవ్వుతుంటే లాంచీ నడిపే సరంగు నాకేదో అయిందనుకుని నీళ్ళు పట్టుకొచ్చాడు.

బ్యాటరీ కొనడం అంటే చెప్పులు కొన్నట్టే. పెద్దది కాదు, సరిపోయేది కావాలి. పాత బ్యాటరీ ఎక్కడ పారేశారో వెతకండి. దాని నెత్తిన ఒక నంబరు ఉంటుంది. అది ఒక కాగితం మీద రాసుకుని మీసాలాయన చేతిలో పెట్టి, మీరు ఇంకేమీ మాట్లాడకండి. పొడవు, వెడల్పు, ఎత్తు, ప్లస్ ఏ పక్కనుండాలి, అన్నీ ఆ నంబరులోనే ఉంటాయి. బ్యాటరీ శక్తి, కారు కంపెనీ చెప్పినదానికన్నా కాస్త ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ వద్దు. తయారైన తేదీ చూడండి. షాపులో ఊరికే కూర్చున్న బ్యాటరీ కూడా ముసలిదైపోతుంది. బిగించాక చేత్తో ఊపి చూడండి, కదలకూడదు. విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. పానా రెండిటికీ తగిలించకండి. తగిలించారని రాశారు కాబట్టి, మళ్ళీ తగిలించకండి.

ఒక్క సంగతి చెప్పాలి. ఏ బ్యాటరీ మంచిదన్నది కారుని ఎవరు ఎలా వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ కారు ఎలా వాడతారో నాకు రాయండి.

అక్క గొంతు ఎలా ఉంది? వేడినీళ్ళు తాగమని చెప్పండి.

మీ బావమరిది


క్లినిక్ నుంచి,
ఆదివారం, పేషంట్లు వెళ్ళాక

బావమరిదికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. నోరు మూసుకుని కాగితం ఇచ్చాను. మీసాలాయన చదివి, లోపల్నుంచి ఒకటి తెచ్చి, ట్రేలో పెట్టి బిగించాడు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. ఆ వారమంతా పేషంట్లకి నోట్లో చెయ్యి పెట్టినప్పుడల్లా బ్యాటరీ ఎలా ఎంచుకోవాలో చెప్పాను. ఎవరూ ఎదురు చెప్పలేదు.

పది రోజులు తిరక్కుండానే మళ్ళీ టక్.

మీసాలాయన వచ్చి ఏవో తీగలు పెట్టి చూశాడు. బ్యాటరీ మంచిదేనట, డైనమో కూడా బాగానే చార్జింగ్ చేస్తోందట. "డాక్టరుగారూ, ఎవరో ఇంజిన్ ఆపి కరెంటు వాడుతున్నారు" అన్నాడు. మా ఇంట్లో కారు ఎవరు వాడతారయ్యా? నేను ఆదివారం సాయంత్రం మార్కెట్టుకి వెళ్తాను. మీ అక్కకి డ్రైవింగ్ రాదు. మిగతా రోజులన్నీ వెనక షెడ్డులోనే పడి ఉంటుంది.

చార్జింగ్ పెట్టించాను, మళ్ళీ దిగిపోయింది. మళ్ళీ పెట్టించాను, మళ్ళీ దిగింది.

నా అనుమానం పక్కింటి మాస్టారి మీద. రిటైరయ్యాక ఆయనకి పనేం లేదు. పైగా వాళ్ళ వరండాలో కొత్తగా ఒక దీపం వెలుగుతోంది. మన షెడ్డు గోడ అవతలే వాళ్ళ వరండా. నిన్న వెళ్ళి ఆ దీపం తీగ ఎక్కడిదాకా ఉందో చూపించమన్నాను. చూపించాడు. గోడలోని స్విచ్‌దాకానే ఉంది. అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడ్డం లేదు.

మీ అక్క గొంతుకేం రోగం? శుభ్రంగా ఉంది. నువ్వెందుకు అడిగావో అర్థం కాలేదు. వేడినీళ్ళు మాత్రం నేను చెప్పకముందే ఫ్లాస్కు నింపుకుని తాగుతోంది.

మీ బావ


లైట్‌హౌస్, దీపం గది
బుధవారం

బావా,

మాస్టారు పెద్దమనిషి, ఆయన జోలికి వెళ్ళకండి. నిజానికి ఎవరి జోలికీ వెళ్ళకండి. కాపలా కాయడం, షెడ్డుకి తాళం వెయ్యడం లాంటివేం చెయ్యకండి. అదేదో దానంతటదే తేలుతుంది.

ఈలోగా నాకొక ఆలోచన వచ్చింది. బ్యాటరీల్లో రెండు రకాలు. కారువి ఒక్క ఊపులో బలమంతా చూపించి ఇంజిన్ తిప్పేస్తాయి, ఆ తర్వాత హాయిగా ఉంటాయి. ఇంజిన్ నడవకుండా చార్జి దించేస్తూ ఉంటే పాడైపోతాయి. రెండో రకం పడవల్లో దీపాలకీ రేడియోలకీ పెట్టేవి. తొందరపడవు, గంటలతరబడి కొద్దికొద్దిగా ఇస్తాయి. అడుగుదాకా దింపినా మళ్ళీ చార్జింగ్ పెడితే లేచి కూర్చుంటాయి. మీరు అలాంటి బోటు బ్యాటరీ ఒకటి చూడకూడదూ? ఒక చిన్న చార్జరు కూడా షెడ్డులో పెట్టించుకుంటే మంచిది. మధ్యాహ్నాలు ఎండగా ఉంటుంది కదా, కారులో ఫ్యాను వేసుకున్నా, చిన్నగా పాట పెట్టుకున్నా ఇబ్బంది ఉండదు.

అంటే ఎవరైనా వేసుకుంటే అని. ఉదాహరణకి చెప్తున్నాను.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది, ఇంతటితో ఆపుతాను.

మీ బావమరిది


క్లినిక్ నుంచి,
గురువారం

దొంగ బావమరిదికి,

నీ ఉత్తరం అందిన రోజే నేను కాపలా కాశాను. వద్దన్నావు కాబట్టి కాశాను. రోడ్డు మీద నడిచే కారుకి బోటు బ్యాటరీ పెట్టమని సొంత బావమరిది రాస్తే ఎవడికి అనుమానం రాదు?

మధ్యాహ్నం బస్సు కండక్టరు ఒకాయన కట్టుడు పళ్ళ కొలతకి వచ్చాడు. ఆయన నోట్లో అచ్చు ముద్ద పెట్టి, గట్టిపడేదాకా కదలొద్దని చెప్పి, వెనక గుమ్మంలోంచి షెడ్డుకి వెళ్ళాను. కారు వెనక సీటు ముందు కింద ముడుచుకుని, కారు మీద కప్పే బట్ట మీదేసుకున్నాను. నా పొట్టకి ఆ సందు సరిపోదని అప్పుడే తెలిసింది.

కాసేపటికి ముందు తలుపు తెరుచుకుంది. ఎవరో డ్రైవరు సీట్లో కూర్చుని అద్దాలు ఎత్తి, తాళంచెవి సగం తిప్పి, ఫ్యాను వేశారు. టేపులో తంబురా మోగింది. దొంగకి సంగీతం కూడానా అనుకుంటున్నాను. అంతలో ఆ దొంగ పాట మొదలెట్టింది.

మీ అక్క.

ఇంట్లో ఆవిడ కూనిరాగం తీయడం ఎప్పుడైనా విన్నాను గానీ, ఆ గొంతు ఇంతుందని నాకు తెలీదురా. అద్దాలు కొద్దిగా అదిరాయి. నా వెన్నులో ఏదో పాకింది. కాలు తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను, కాదు. పాటలో ఒకచోట పైకి వెళ్ళే లైను ఉంది. అక్కడికి వచ్చి ఆపేసేది, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకునేది. మళ్ళీ ఆపేది. పైకి వెళ్తుందా లేదా అని బట్ట కింద నేను ఊపిరి బిగబట్టాను. చివరికి వెళ్ళింది. చప్పట్లు కొట్టబోయి చెయ్యి కొరుక్కున్నాను.

ఆ తర్వాత ఆవిడ అద్దంలో చూసుకుని, సభకి నమస్కారం చెప్పుకుని, దిగి వెళ్ళిపోయింది. నేను లేవడానికి చాలాసేపు పట్టింది. క్లినిక్‌కి వచ్చేసరికి కండక్టరు నోట్లో ముద్ద రాయిలా అయిపోయి, ఆయన కళ్ళతోనే నన్ను తిడుతున్నాడు. నర్సమ్మా నేనూ కలిసి లాగాల్సి వచ్చింది.

ఎందుకు కారులో పాడుతోందో కూడా నాకు తెలుసు. ఆమధ్య వంటింట్లో పెద్దగా ఎత్తుకుంటే ముందుగదిలో ఒక పేషంటు అది ఎవరో పన్ను పీకించుకుంటున్న అరుపనుకుని దూదితో సహా పారిపోయాడు. క్లినిక్ వేళల్లో గొంతు ఎత్తొద్దని నేనే అన్నాను. నా క్లినిక్ పొద్దున మొదలైతే సాయంత్రందాకా. ఇంక ఆవిడ ఎప్పుడు పాడాలి?

నేను విన్నానని చెప్పలేదు. చెప్పడానికి రోజూ నోరు తెరుస్తున్నాను, కాఫీ అడిగి మూసుకుంటున్నాను. నీకు ఇదంతా ముందే తెలుసని మాత్రం అర్థమైంది. నీ బోటు బ్యాటరీ రేపే పెట్టిస్తున్నాను. ఎక్కడికీ వెళ్ళకుండా రోజూ పాడే కారుకి అంతకన్నా తగినది ఉండదు.

మీ బావ


లైట్‌హౌస్, మెట్ల మీద
శనివారం

బావా,

ఒప్పుకుంటున్నాను, నాకు తెలుసు. అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. కాగితం మీద ఒట్టు ఎలా వేస్తారని అడిగితే వేలిముద్ర వేసి పంపమంది. పంపాను.

ఇప్పుడు మీకు సగం తెలిసింది కాబట్టి మిగతా సగం చెప్తాను. ఊరవతల పెద్ద హాల్లో వచ్చే నెల మొదటి ఆదివారం పాటల కచేరీ ఉంది. అక్కని పరీక్ష పెట్టి మరీ ఎంచుకున్నారు. ఒక పాట ఒక్కతే పాడుతుంది. మీకు మాత్రం ఎవరో స్నేహితురాలి రిటైర్మెంట్ సభ అని చెప్పి, హాలు దగ్గర దింపమని అడుగుతుంది. మీరు వింటే నవ్వుతారని ఆవిడ భయం. మీరేమో కండక్టరుని కుర్చీలో వదిలేసి వెళ్ళి విన్నారు. ఆ మాట ఆవిడకి చెప్పెయ్యండి బావా. కాఫీ తర్వాత అడగొచ్చు.

ముఖ్యమైన సంగతి, దయచేసి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. బోటు బ్యాటరీ పాటకి మంచిదే గానీ సెల్ఫ్‌కి మంచిది కాదు. ఇంజిన్ తిప్పడానికి కావలసిన ఊపు దానికి లేదు. కచేరీకి ముందురోజే దాన్ని తీసేసి మామూలుది పెట్టించండి. లేదంటే ఆ పూట కారు కదలదు.

సముద్రం పోటు మీద ఉంది, లాంచీ రెండు వారాలుగా సరిగ్గా రావడం లేదు. ఈ ఉత్తరం వేళకి అందాలని కోరుకుంటున్నాను.

మీ బావమరిది


ఇంటి నుంచి,
మంగళవారం

బావమరిదికి,

నీ ఉత్తరం నిన్న అందింది. కచేరీ మొన్న అయిపోయింది. మొత్తం చెప్తాను, కూర్చుని చదువు.

ఆదివారం పొద్దున క్లినిక్ నిండా జనం. మీ అక్క కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, స్నేహితురాలి రిటైర్మెంట్ సభ, హాలు దగ్గర దింపుతారా అంది. గొంతులో చిన్న వణుకు. కారులో ఆవిడ సభకి పెట్టిన నమస్కారం గుర్తొచ్చి, ఇది పాటల సభేనని అర్థమై చేతిలో ఉన్న పనిముట్టు నర్సమ్మకిచ్చి, తెల్లకోటు కూడా విప్పకుండా షెడ్డుకి పరిగెత్తాను. సెల్ఫ్ కొడితే ఆ బోటు బ్యాటరీ ఊఁ అని మూలిగి, ఇంకోసారి ఊఁ అని, పడుకుంది. ముందురోజు ఆవిడ ఎంతసేపు సాధన చేసిందో ఏమో. ఆదివారం ఆ హాలు వైపు బళ్ళు దొరకవు. మీ అక్క ముఖం చూడలేకపోయాను.

తోసి స్టార్ట్ చేద్దామన్నాను. వెయిటింగ్ గదిలో ఉన్నవాళ్ళందరినీ లేపాను. కట్టుడు పళ్ళు పెట్టించుకోవడానికి వచ్చిన కండక్టరు, దవడ మొద్దుబారిన ఇద్దరు, బుగ్గలో దూది ఉన్న ఒకావిడ, నర్సమ్మ. అలికిడికి పక్కింటి మాస్టారు కూడా వచ్చి, నాతో మాట్లాడకుండానే వచ్చి చెయ్యి వేశాడు. అందరికన్నా గట్టిగా తోసేది నేనే కాబట్టి డ్రైవరు సీట్లో మీ అక్కని కూర్చోబెట్టాను. రెండో గేరు నేనే వేసిచ్చి, క్లచ్ తొక్కిపట్టమని, నేను వదలమనగానే వదలమని, ఇంజిన్ అందుకోగానే మళ్ళీ తొక్కి ఆపమని చెప్పాను.

తోశాం. సందు మలుపు దగ్గర వదులు అని అరిచాను, వదిలింది. కారు ఒక్క ఎగురు ఎగిరి అందుకుంది. మేమంతా చేతులు దులుపుకుంటున్నాం. కారు ఆగలేదు. కిటికీలోంచి మీ అక్క తల బయటపెట్టి, "ఆపితే మళ్ళీ రాదేమో, మీరు వెనకాల రండి" అని వెళ్ళిపోయింది.

ఆవిడ అంతకుముందు ఎప్పుడూ కారు నడపలేదురా. మేమందరం అలా నిలబడి చూశాం. మలుపులో హారను కొట్టింది, ఎద్దులబండీ లారీ పక్కకి తప్పుకున్నాయి, కనబడకుండా పోయింది.

కండక్టరు స్కూటరు మీద వెంటపడ్డాం. పళ్ళు జేబులో వేసుకుని నడిపాడు పాపం. దారిపొడుగునా కారు బోర్లా పడి ఉంటుందేమోనని కాలవలు చూసుకుంటూ వెళ్ళాను. పడలేదు. హాలు ముందు పూలకుండీల మధ్యలో మూతి పెట్టి నిలబడి ఉంది. బ్రేకు సంగతి గుర్తురాక ఆ కుండీలనే నమ్ముకుందట.

లోపల అప్పటికే ఆవిడ వేదిక మీదుంది. నా తెల్లకోటు చూసి ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని జనం దారి ఇచ్చారు, ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడ నన్ను చూసింది. ఆ పైకి వెళ్ళే లైను దగ్గరికి వచ్చింది. నేను మళ్ళీ ఊపిరి బిగబట్టాను. ఒక్క తడబాటు లేకుండా వెళ్ళి, అక్కడే నిలబడి, తీరిగ్గా దిగి వచ్చింది. నేను అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాను. పాట ఇంకా ఉందట, పక్కాయన చెయ్యి పట్టుకున్నాడు.

అయిపోయాక బయట కుండీల దగ్గర చెప్పేశాను, ఆ రోజు బట్ట కింద ఉన్నానని, విన్నానని. గొంతు ఎత్తొద్దన్నందుకు ఏదో అనబోయి, ఒరిగిన కుండీ ఒకటి నిలబెట్టాను.

"తెలుసు. కారు నిండా మీ క్లినిక్ లవంగ నూనె వాసన" అంది. "మీరు లేచి వస్తారేమోనని ఆ లైను అన్నిసార్లు ఆపాను. ఎంతకీ లేవరే."

కాలు తిమ్మిరెక్కిందన్నాను.

ఇక బ్యాటరీ సంగతి. నిన్న మీసాలాయన వచ్చి కారుకి కారు బ్యాటరీ, సరైన నంబరుది, పెట్టి వెళ్ళాడు. నీ బోటు బ్యాటరీని లాంచీలో నీకే పంపుతున్నాను. నిన్నటి నుంచి మధ్యాహ్నాలు మీ అక్క మేడమీద గదిలో తలుపులు తీసి పాడుతోంది. ఇద్దరు పేషంట్లు పనైపోయినా కుర్చీ దిగలేదు. మాస్టారు తన వరండాలో కుర్చీ ఇటువైపు తిప్పుకున్నాడు, నాతో మాత్రం ఇంకా మాట్లాడ్డం లేదు.

కచేరీ రోజు ఇంటికెలా వచ్చామో రాయలేదు కదూ. మృదంగం ఆయనా మిగతా బృందమూ కలిసి కారుని కుండీల్లోంచి లాగి, తోసిపెట్టడానికి నిలబడ్డారు. నేను డ్రైవరు సీటు వైపు వెళ్ళాను. మీ అక్క అప్పటికే అందులో కూర్చుని అద్దం సర్దుకుంటోంది.

"వెళ్ళడం వచ్చేసింది" అంది. "మీరు పక్కన కూర్చుని ఆపడం నేర్పండి."

కూర్చున్నాను. బ్రేకు గురించి, క్లచ్ గురించి, రెండూ కలిపి తొక్కడం గురించి దారంతా చెప్పాను. శ్రద్ధగా తల ఊపింది. మన సందు వచ్చింది, మన ఇల్లు వచ్చింది, గేటు దగ్గర నర్సమ్మా దూదావిడా చేతులూపారు. మేమూ ఊపాం. ఇల్లు వెళ్ళిపోయింది. ఇప్పుడు తొక్కు అని నేను అనేలోపు మీ అక్క మూడో గేరు వేసింది.

మీ బావ